ప్రార్థన చేసి పని మొదలుపెడుతున్నా ఎందుకు నిలబడలేకపోతున్నాను?

వందనాలు సోదరా. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు మీ పరిస్థితి ఇదీ. ఐదేళ్లుగా ఒక చిన్న తయారీ యూనిట్ నడుపుతున్నారు. తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని షట్టర్ తీస్తే, రాత్రి మళ్లీ ఎప్పుడు దించుతారో మీకే తెలియదు. అయినా అప్పు తగ్గడం లేదు. ఇప్పుడు ఒక పెద్ద ఆర్డర్ వచ్చింది. అది తీసుకోవాలంటే మళ్లీ అప్పు చేసి రెండు మెషీన్లు కొనాలి. జవాబు చెప్పడానికి పదిహేను రోజుల గడువు ఉంది. సంఘంలో కొందరు "విశ్వాసంతో అడుగు వెయ్యి, దేవుడు చూసుకుంటాడు" అంటున్నారు. మీ బావగారేమో "దేవుణ్ణి వ్యాపారంలోకి లాగకు, లెక్కలు చూసుకో" అంటున్నారు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలి, అసలు దేవుని మీద ఆధారపడటం అంటే ఏమిటి అని అడిగారు.

నేను 31 ఏళ్లుగా చెక్క పని వర్క్‌షాప్ నడుపుతున్నాను. తలుపులు, కిటికీలు, బల్లలు చేస్తాం. కొన్నేళ్లు సంఘ పెద్దగా పనిచేశాను. వేదాంతం చదువుకోలేదు. వాక్యం చదువుతూ, పని చేస్తూ, పొరపాట్లు చేస్తూ నేర్చుకున్నదే చెబుతాను.

ముందుగా నా మాట ఏమిటంటే, సంఘంలో వాళ్లు చెప్పిందీ మీ బావగారు చెప్పిందీ పైకి వేరువేరుగా కనిపిస్తున్నా లోపల ఒకే పొరపాటు ఉంది. ఇద్దరూ దేవుణ్ణి ఒక పక్కన, లెక్కల పుస్తకాన్ని ఇంకో పక్కన పెట్టారు. ఒకరు అటు నిలబడ్డారు, ఒకరు ఇటు నిలబడ్డారు. బైబిల్ అలా విడదీయదు. సామెతలు 10వ అధ్యాయం తెరవండి. 4వ వచనంలో శ్రద్ధగా పనిచేసే చేయి ఐశ్వర్యం తెస్తుందని ఉంటుంది. అదే అధ్యాయం 22వ వచనంలో యెహోవా ఆశీర్వాదమే ఐశ్వర్యం ఇస్తుందని ఉంటుంది. హీబ్రూలో ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే క్రియ. అంటే ఒకే పేజీలో "మీ చేయి ఇస్తుంది" అనీ "దేవుడు ఇస్తాడు" అనీ ఒకే మాటతో రాసి ఉంది. రాసినవాళ్లకు ఇందులో ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఇబ్బంది మనకే. చేయి నాది, ఆశీర్వాదం ఆయనది, ఎవరి వాటా ఎంత అని లెక్క వేయబోతాం. ఆ చేయి కూడా ఆయన ఇచ్చిందే అనుకుంటే వాటాల గొడవ పోతుంది.

ద్వితీయోపదేశకాండము 8:17, 18లో మోషే చెప్పింది కూడా ఇదే. రేపు మీరు మంచి ఇళ్లు కట్టుకుంటారు, పశువులు పెరుగుతాయి, వెండి బంగారాలు పెరుగుతాయి, అప్పుడు "నా బాహుబలంతోనే ఇదంతా సంపాదించాను" అనుకుంటారు, కానీ సంపాదించే సామర్థ్యం ఇచ్చినవాడు దేవుడే అని జ్ఞాపకం ఉంచుకోండి అన్నాడు. గమనించండి, దేవుడు డబ్బు ఇస్తాడని అనలేదు, సంపాదించే సామర్థ్యం ఇస్తాడన్నాడు. పని చేసే బుద్ధి, ఓపిక, సమయానికి తోచే ఆలోచన, నమ్మకంగా ఉండే పనివాడు, పొద్దున్నే లేవగలిగే ఆరోగ్యం, ఇవన్నీ ఆ మాటలోకి వస్తాయని నేను అనుకుంటాను.

ఇక జ్ఞానం సంగతి. ఇక్కడే మీతో ఎక్కువసేపు మాట్లాడాలి. ఎందుకంటే మీరు రాసిన దాంట్లో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది: "ప్రార్థన చేసే మొదలుపెడతాను, కానీ తర్వాత రోజంతా నా తిప్పలు నేనే పడతాను." నేనూ అలాగే బతికాను, చాలా ఏళ్లు. అప్పట్లో నేను చేసిన ప్రార్థన, ముందే తీసుకున్న నిర్ణయానికి దేవుని చేత సంతకం పెట్టించుకోవడం లాంటిది. "ప్రభువా, ఈ పని మొదలుపెడుతున్నాను, దీవించు" అనేవాణ్ణి. "ఈ పని మొదలుపెట్టమంటావా?" అని అడిగిన రోజులు తక్కువ.

యెహోషువ 9వ అధ్యాయం మీకు గుర్తుండే ఉంటుంది. గిబియోనీయులు దగ్గరలోనే ఉంటారు, కానీ ఎంతో దూరం నుంచి వచ్చినట్టు నటించారు. పాత గోనెలు, చిరిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, అతుకులు వేసిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టెలు తెచ్చుకున్నారు. ఇశ్రాయేలు పెద్దలు ఏమరుపాటుగా లేరు. "మీరు మా మధ్యే ఉంటున్నారేమో" అని అనుమానించారు. వాళ్లు తెచ్చిన ఆహారాన్ని పరీక్షగా తీసుకుని చూశారు. ఈ రోజుల్లో మనం పేపర్లన్నీ చూశాం అంటామే, అలాగన్నమాట. 14వ వచనం మాత్రం ఒక్క ముక్క చెబుతుంది: యెహోవా దగ్గర విచారణ చేయలేదు. మూడు రోజుల తర్వాత నిజం తెలిసింది. అప్పటికే వాళ్లను చంపబోమని ప్రమాణం చేసేశారు. చేసిన ప్రమాణాన్ని తప్పలేదు, ఆ భారం మోశారు.

నాకు ఇలాంటిదే 14 ఏళ్ల కిందట జరిగింది. ఒక బిల్డింగ్ కంపెనీ పెద్ద ఆర్డర్ ఇచ్చింది, అన్నీ తలుపులే. అప్పటిదాకా నేను అంత పెద్ద ఆర్డర్ చూడలేదు. వాళ్ల ఆఫీసు చూశాను, వాళ్లు కట్టిన బిల్డింగులు చూశాను, పేపర్లు చదివించుకున్నాను. నా భార్య "ప్రార్థన చేశారా?" అని అడిగింది. చేశాననే చెప్పాను. నిజానికి నేను చేసింది కృతజ్ఞతా ప్రార్థన. ఆర్డర్ వచ్చినందుకు స్తోత్రం చెప్పాను. అడగలేదు. అడిగితే వద్దంటాడేమోనని లోపల భయం ఉంది. దాన్ని భయమని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

గడువు దగ్గరగా ఉంది కాబట్టి పూర్తిగా ఆరని కలప కొన్నాను. మా పెద్ద మేస్త్రి "ఈ చెక్క ఇంకా పచ్చిగా ఉంది, దీన్ని ఇప్పుడే కోస్తే వంగుతుంది" అని రెండుసార్లు చెప్పాడు. ఆరని కలప లోపల తేమ ఉంటుంది. తలుపు చేసి బిగించాక అది ఆరుతూ కుంచించుకుపోతుంది, మెలి తిరుగుతుంది, అతుకులు విడిపోతాయి. ఇది నా వృత్తిలో మొదటి పాఠం. నాకు తెలియక కాదు, వినదలచుకోలేదు. నాలుగు నెలల్లో తలుపులు వంగాయి. కంపెనీ డబ్బు ఆపేసింది. ఆ అప్పు తీర్చడానికి మూడేళ్లు పట్టింది. వాళ్లను ఏమీ అనను, వంగిన తలుపు చేసింది నేనే.

ప్రార్థన చేసి ఉంటే దేవుడు స్వరంతో "వద్దు" అనేవాడని నేను చెప్పను. అలా చెప్పడం అబద్ధం అవుతుంది. కానీ నిజంగా అడిగి రెండు రోజులు ఆగి ఉంటే, మేస్త్రి మాట నా చెవిన పడేది. దేవుడు జవాబు చెప్పే దారుల్లో అది ఒకటని ఇప్పుడు నమ్ముతున్నాను. గిబియోనులో ఏమి కావాలో కోరుకోమని దేవుడు అంటే సొలొమోను రాజు అడిగింది దీనినే. మన బైబిల్‌లో వివేకం గల హృదయం అని చదువుతాం. హీబ్రూ మాటకు నేరుగా అర్థం వినే హృదయం. తెలివితేటలు అడగలేదు, వినగలగడం అడిగాడు. "నేను చిన్నవాణ్ణి, ఎలా నడుచుకోవాలో నాకు తెలియదు" అన్న తర్వాతే అడిగాడు.

యాకోబు 1:5లో జ్ఞానం కొదువగా ఉన్నవాడు అడగాలి, దేవుడు ఎవరినీ గద్దింపక ధారాళంగా ఇస్తాడు అని ఉంది. "గద్దింపక" అన్న మాట నాకు చాలా ఇష్టం. ఇంత చిన్న విషయం కూడా తెలియదా అని ఆయన అనడు. పోయినసారి చెప్పిందే మరిచిపోయావా అని అనడు. మీరు ఈ ఆర్డర్ గురించి ముప్పైసార్లు అడిగినా విసుక్కోడు. వచ్చిన ఆలోచన పై నుంచి వచ్చిందా లేదా అని చూసుకోవడానికి అదే పత్రిక 3:17 ఉంది. పై నుంచి వచ్చే జ్ఞానం పవిత్రమైనది, సమాధానకరమైనది, మృదువైనది అని అక్కడ వరుసగా ఉంటుంది. ఒక ఆలోచన మిమ్మల్ని తొందరపెడుతుంటే, భార్య దగ్గర కొంత దాచమంటుంటే, లెక్కలో ఒక అంకెను చూడనట్టు ఉండమంటుంటే, దానికి ఎంత విశ్వాసం పేరు పెట్టినా అక్కడే ఆగండి.

పని గురించి మీకొక సంతోషకరమైన సంగతి చెప్పాలి. నిర్గమకాండము 31లో దేవుడు బెసలేలు అనే మనిషిని తన ఆత్మతో నింపానని చెబుతాడు. ఎందుకు నింపాడు? బోధించడానికి కాదు. బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రత్నాలు సానబట్టడానికి, చెక్క కోయడానికి. నేను ఈ వచనం మొదటిసారి గమనించిన రోజు రంపం చేతిలోనే పట్టుకుని కాసేపు అలా కూర్చుండిపోయాను. అప్పటిదాకా ఆదివారం దేవునిది, మిగతా ఆరు రోజులు నావి అన్నట్టు ఉండేవాణ్ణి. యెషయా 28 చివర్లో రైతు గురించి ఉంటుంది. నల్ల జీలకర్రను బరువైన యంత్రంతో నూర్చడు, కర్రతో దులుపుతాడు. ఏ గింజకు ఏ దెబ్బ, ఎంతసేపు అన్నది అతనికి తెలుసు. అది అతనికి నేర్పింది అతని దేవుడే అని రాసి ఉంది. అంటే మీ పనిలోని మెళకువ, మెషీన్ శబ్దం వినగానే ఎక్కడో తేడా ఉందని పసిగట్టే ఆ నేర్పు, అది కూడా ఆయన దగ్గర అడగదగ్గదే. అడగండి. నేను అతుకు కుదరనప్పుడు అడుగుతాను.

ప్రార్థనను, ప్లానింగ్‌ను ఒకే చేతిలో పట్టుకున్న మనిషి ఎవరంటే నాకు పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా గుర్తొస్తాడు. యెరూషలేము గోడ కూలిందని విన్నాక కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా, సుమారు నాలుగు నెలలు ప్రార్థించాడు. రాజు "నీకేం కావాలి?" అని అడిగిన క్షణంలో కూడా లోపల ప్రార్థన చేసుకునే జవాబిచ్చాడు. కానీ ఆ జవాబు చూడండి, ఎంత సిద్ధంగా ఉందో. ఎంత కాలం పడుతుందో చెప్పాడు, దారిలో అధికారులకు ఉత్తరాలు అడిగాడు, రాజుగారి అడవిని చూసుకునే ఆసాపు పేరు పెట్టి మరీ, దూలాలకు కలప ఇప్పించమని ఉత్తరం అడిగాడు. ఆ నాలుగు నెలల్లో మోకాళ్ల మీద ఉండగానే కలప లెక్క కూడా వేసుకున్నాడన్నమాట. తర్వాత ఎవరికీ చెప్పకుండా రాత్రిపూట వెళ్లి గోడ ఎక్కడెక్కడ కూలిందో చూసుకున్నాడు. శత్రువులు బెదిరిస్తే, దేవునికి ప్రార్థన చేసి కావలి కూడా పెట్టించాడు. 52 రోజుల్లో గోడ పూర్తయింది. ఆ "కావలి కూడా" తీసేస్తే సంఘంలో వాళ్ల మాట మిగులుతుంది, ప్రార్థన తీసేస్తే మీ బావగారి మాట మిగులుతుంది.

బైబిల్ కాలం దాటి కూడా ఒక ఉదాహరణ ఉంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ 1836లో అనాథ పిల్లల కోసం మొదటి ఇల్లు తెరిచాడు. 1898లో చనిపోయేనాటికి ఆ ఇళ్లలో సుమారు 10,000 మంది పిల్లలు పెరిగారు. ఎవరినీ డబ్బు అడగలేదు, దేవుణ్ణే అడిగేవాడు. మన ప్రసంగాల్లో ఇంతవరకే వింటాం. చెప్పకుండా వదిలేసేది ఏమిటంటే, ఆయన అప్పు చేసేవాడు కాదు. వచ్చిన కానుకలూ ఖర్చులూ జాగ్రత్తగా రాసి ఏటేటా రిపోర్టులుగా అచ్చు వేయించేవాడు. అంత విశ్వాసం ఉన్న మనిషికి అంత శుభ్రమైన లెక్కల పుస్తకం ఉంది. నాకైతే ఈ రెండో సంగతే ఎక్కువ నేర్పింది.

రాత్రి ఎప్పుడు మూస్తారో తెలియదన్నారు. కీర్తన 127 మనం గృహప్రవేశాలకు చదువుతాం, యెహోవా ఇల్లు కట్టించకపోతే కట్టేవాళ్ల ప్రయాస వ్యర్థం అని. దాని తర్వాతి వచనం మాత్రం వదిలేస్తాం. పెందలాడే లేచి, పొద్దుపోయేదాకా మేలుకుని, కష్టపడి తినడం కూడా వ్యర్థమే అంటుంది అది. తన ప్రియులు నిద్రపోతుండగా ఆయన ఇస్తాడట. వారానికి ఒక రోజు, రాత్రికి ఏడు గంటలు విశ్రాంతి తీసుకోండి. మీరు పనిచేయని ఆ సమయంలో లోకం నడుస్తూనే ఉందని మీ శరీరానికి తెలియాలి. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆహారంగా ఇచ్చిన మన్నా సంగతి కూడా అంతే. ఆరో రోజు రెండింతలు దొరికింది, ఏడో రోజు ఏరుకోవడానికి వెళ్లినవాళ్లకు ఏమీ దొరకలేదు.

నిలిచి ఉండే సమృద్ధి కావాలని కూడా రాశారు. దీని గురించి ఉజ్జియా రాజు కథ నన్ను ఎక్కువ హెచ్చరించింది. 2 దినవృత్తాంతములు 26లో ఉంది. 16 ఏళ్లకు రాజయ్యాడు, 52 ఏళ్లు ఏలాడు. దేవుణ్ణి వెతికినంత కాలం దేవుడు అతన్ని వర్ధిల్లజేశాడు. తొట్లు తవ్వించాడు, పొలాలు, ద్రాక్షతోటలు వేయించాడు, వ్యవసాయం అంటే అతనికి ఇష్టమట. గోపురాలు కట్టించాడు, నేర్పరుల చేత యంత్రాలు చేయించాడు. పేరు దూరదేశాలకు పాకింది. స్థిరపడేదాకా అతనికి ఆశ్చర్యకరమైన సహాయం దొరికింది అని 15వ వచనం చెబుతుంది. వెంటనే 16వ వచనం: స్థిరపడిన తర్వాత మనసున గర్వించి చెడిపోయాడు. యాజకులు మాత్రమే వేయాల్సిన ధూపం తానే వేయడానికి ఆలయంలోకి వెళ్లాడు. అజర్యాతో పాటు ఎనభై మంది యాజకులు అడ్డుపడినా వినలేదు. కుష్ఠరోగిగా వేరే ఇంట్లో ఉండి చనిపోయాడు.

అప్పుల్లో ఉన్నప్పుడు ఆధారపడటం అంత కష్టం కాదు సోదరా, ఇంకో దారి ఉండదు కాబట్టి. అప్పు తీరి, ఆర్డర్లు వాటంతట అవే వచ్చే రోజుల్లో నా ప్రార్థన చిన్నదైపోయింది, నేను గమనించనే లేదు. నా భార్య గమనించింది. మీ యూనిట్ నిలబడాలని కోరుకుంటున్నారు, మంచిదే. నిలబడిన తర్వాత మీకు ఎవరు ఎదురు చెప్పగలరో ఇప్పుడే ఒకరిని పెట్టుకోండి. ఉజ్జియాకు ఎనభై మంది ఉన్నారు, వినే అలవాటు పోయింది.

ఇంకో మాట కాస్త గట్టిగా చెబుతాను. పదింతలు తిరిగి వస్తుందని చెప్పి మీ చేత కానుక వేయించేవాళ్ల మాట వినకండి. కానుక ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి. కానీ అది దేవునితో చేసే పెట్టుబడి కాదు. మాసిదోనియ సంఘాలు నిరుపేదరికంలో ఉండి ఇచ్చాయి, ఆ తర్వాత ధనవంతులయ్యాయని పౌలు రాయలేదు. ఆకలిగా ఉండటం, కడుపు నిండి ఉండటం రెండూ నేర్చుకున్నానని ఆయనే అన్నాడు. డేరాలు కుట్టి తన చేతులతో సంపాదించుకున్నాడు. యిర్మీయా 17లో నమ్మకం ఉంచినవాడు నీళ్ల దగ్గర నాటిన చెట్టులా ఉంటాడని ఉంది, కానీ ఆ చెట్టుకు ఎండ తగలదని లేదు. వర్షం లేని సంవత్సరం వస్తుంది. ఆ సంవత్సరంలో కూడా చింతపడదు, కాపు మానదు. వేరు ఎక్కడుందో దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

నమ్మకం లేనివాళ్లు నాకంటే బాగున్నారే అని చివర్లో రాశారు. కీర్తన 73 ఈ బాధతోనే మొదలవుతుంది, దాన్ని కీర్తన రాసిన ఆసాపు (ఇతను వేరే ఆసాపు) సిగ్గుపడకుండా దేవుని ముందే చెప్పుకున్నాడు. మీరూ చెప్పుకోండి.

ఇప్పుడు మీ ఆర్డర్. తీసుకోండి అనీ వద్దు అనీ నేను చెప్పలేను. మీ పదిహేను రోజుల్లో మొదటి మూడు రోజులు ఏ నిర్ణయమూ తీసుకోకుండా అడగండి, "వద్దు" అన్నా వింటాను అని చెప్పి అడగండి. ఆ మాట నోటి నుంచి రాకపోతే, ఎందుకు రావడం లేదో అదే ఆయనకు చెప్పండి. తర్వాత అప్పు కాగితాలన్నీ మీ భార్య ముందు పెట్టండి, ఏదీ దాచకుండా. మీ దగ్గర ఎక్కువ కాలంగా పనిచేస్తున్న మనిషిని పిలిచి, "ఈ ఆర్డర్ మనం సమయానికి చేయగలమా?" అని అడిగి, అతను చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి. మీ బావగారిని కూడా పిలవండి, లెక్కలు చూడమనండి. సామెతలు 15:22 ఆలోచన చెప్పేవాళ్లు లేని చోట ఉద్దేశాలు వ్యర్థమవుతాయంటుంది. మీ బావగారు ప్రార్థన చేయకపోయినా కూడిక సరిగ్గా వేస్తారు.

ఆ కంపెనీ చెల్లింపు మూడు నెలలు ఆలస్యమైతే మీ వాయిదాలు ఎలా కడతారో కాగితం మీద రాయండి. రాయలేకపోతే, రెండు మెషీన్ల బదులు ఒకటి అద్దెకు తీసుకుని సగం ఆర్డర్ చేస్తానని వాళ్లను అడిగి చూడండి. అడగడంలో తప్పు లేదు, నెహెమ్యా రాజునే అడిగాడు. ఒప్పుకోకపోతే అది కూడా ఒక జవాబే.

గడువు తేదీ ఎప్పుడో నాకు రాయండి. ఆ రోజు దాకా పొద్దున్నే వర్క్‌షాప్ తెరిచే ముందు మీ కోసం ప్రార్థిస్తాను.